విమాన కంపెనీ చేతులు మారితే ఉద్యోగాలు ఉంటాయా.. ఊడతాయా? ట్రూజెట్ నుంచి ఎయిరిండియా దాకా జరిగింది ఇదీ

అడ్డతీగల: ఫలానా విమాన కంపెనీని ఇంకో కంపెనీ కొంటోందని టీవీలో స్క్రోలింగ్ రాగానే ప్రయాణికులకు గుర్తొచ్చేది బుక్ చేసుకున్న టికెట్. అదే కంపెనీలో పనిచేసేవాళ్లకు గుర్తొచ్చేది వచ్చే నెల జీతం. కొత్త యజమాని ఉంచుతాడా, తీసేస్తాడా? ఉంచితే ఎక్కడ, ఎంత జీతానికి? పాత సర్వీస్ లెక్కలోకి వస్తుందా? కంపెనీ నుంచి మెయిల్ వచ్చేలోపు వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు తిరుగుతుంటాయి.

ఏజెన్సీకీ ఈ ప్రశ్నలకీ సంబంధం ఏంటని అనిపించొచ్చు. అడ్డతీగల నుంచి రంపచోడవరం, గోకవరం మీదుగా రాజమండ్రి వైపు వెళ్తే కోరుకొండ దాటాక మధురపూడి ఎయిర్‌పోర్ట్ వస్తుంది. మన్యం మండలాలకు దగ్గరి విమానాశ్రయం అదే. ఇంటర్, డిగ్రీ అయ్యాక గ్రౌండ్ స్టాఫ్, క్యాబిన్ క్రూ కోర్సుల వైపు చూసే పిల్లలు, వాళ్ల ఫీజుల కోసం అప్పు చేసే అమ్మానాన్నలు ఇప్పుడు ఏ ఊళ్లో అయినా ఉన్నారు. చేరబోయే కంపెనీ రేపు అమ్ముడుపోతే పరిస్థితి ఏంటన్నది వాళ్లు ముందే తెలుసుకోవాల్సిన విషయం.

మన దేశంలో గత నలభై ఏళ్లలో చేతులు మారిన, మారబోయి ఆగిపోయిన విమాన కంపెనీల చరిత్ర చూస్తే ఒక సంగతి తేలుతుంది. కొనుగోలు జరిగిన రోజున పోయిన ఉద్యోగాలు తక్కువ. కొనేవాడు వస్తాడంటూ ఎదురుచూసి, వాడు రాకుండా పోయినప్పుడు.. లేదంటే కొన్నవాడి దగ్గరే డబ్బు లేనప్పుడు పోయినవే ఎక్కువ.

ట్రూజెట్: కొనేవాళ్లు వస్తున్నారన్నారు.. విమానాలు ఆగిపోయాయి

తెలుగువాళ్లకు బాగా తెలిసిన ప్రాంతీయ విమాన కంపెనీ ట్రూజెట్. హైదరాబాద్ కేంద్రంగా టర్బో మేఘా ఎయిర్‌వేస్ అనే సంస్థ దీన్ని నడిపింది. 2015 జులైలో సర్వీసులు మొదలయ్యాయి. హీరో రామ్‌చరణ్ బ్రాండ్ అంబాసిడర్ కావడంతో మొదట్లోనే పేరు జనంలోకి వెళ్లింది. చిన్న రన్‌వేల మీద కూడా దిగగలిగే ఏటీఆర్-72 విమానాలతో తిరుపతి, రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకు తిప్పింది.

కేంద్రం ఉడాన్ పథకం తెచ్చినప్పుడు ట్రూజెట్‌కి మంచి రోజులు వచ్చాయనే అంతా అనుకున్నారు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లాలో ఉడాన్ తొలి సర్వీసు ప్రారంభించిన రోజే కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ సర్వీసులు కూడా మొదలయ్యాయి. ఆ రెండూ ట్రూజెట్‌వే.

తర్వాత కరోనా వచ్చింది. విమానాలు నెలల తరబడి నేల మీదే ఉన్నా లీజు అద్దెలు ఆగవు, మెయింటెనెన్స్ ఖర్చు ఆగదు. 2021లో అమెరికాకు చెందిన ఇంటరప్స్ అనే సంస్థ 49 శాతం వాటా తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఉద్యోగుల్లో ఆశ మొదలైంది. కానీ 2022 ఫిబ్రవరి మొదటి వారంలో విమానాలు ఆగిపోయాయి. కొద్దిరోజులు మాత్రమేనని, తాత్కాలికమని కంపెనీ చెప్పింది. కొత్త ఇన్వెస్టర్ మెజారిటీ వాటాతో వస్తున్నారని ఆ తర్వాత మరో ప్రకటన వచ్చింది. ట్రూజెట్ మాత్రం మళ్లీ గాల్లోకి లేవలేదు.

ఇక్కడ ఉద్యోగుల కోణం నుంచి చూడాల్సింది ఒకటుంది. కంపెనీ మూసేశామని చెప్తే వేరే ఉద్యోగం వెతుక్కోవచ్చు. అమ్మేశామని చెప్తే కొత్త యజమానిని అడగొచ్చు. తాత్కాలికం, ఇన్వెస్టర్ వస్తున్నాడు అని చెప్తే మాత్రం ఎటూ కాకుండా పోతుంది. మానేస్తే రావాల్సిన బకాయి వదులుకున్నట్టు ఉంటుంది. ఉంటే జీతం ఎప్పుడొస్తుందో తెలియదు. పైలట్లకు ఇంకో చిక్కు.. విమానం నడపకపోతే లైసెన్సు రెన్యువల్‌కీ, కొత్త ఉద్యోగానికీ కావాల్సిన ఫ్లయింగ్ గంటలు, రీసెన్సీ తగ్గిపోతాయి.

విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టాదీ దాదాపు ఇదే దారి. ఎల్‌ఈపీఎల్ గ్రూపు 2013 అక్టోబర్‌లో ఎంబ్రాయర్ జెట్లతో మొదలుపెట్టింది. విమానాలు లీజుకిచ్చిన సంస్థతో చెల్లింపుల గొడవ, ఇన్వెస్టర్ల కోసం వెతుకులాట.. చివరికి 2017 ఫిబ్రవరి 28న సర్వీసులు ఆగాయి. అప్పుడూ తాత్కాలికమనే చెప్పారు.

ఎయిర్ డెక్కన్: విలీనం రోజున ఉద్యోగాలున్నాయి.. నాలుగేళ్లకు కంపెనీయే లేదు

కొనుగోలు నిజంగా జరిగిన కేసుల్లో ముందు చెప్పుకోవాల్సింది ఎయిర్ డెక్కన్. కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలుపెట్టిన ఈ కంపెనీ చిన్న ఊళ్లకు తక్కువ రేటుకి విమానం తీసుకెళ్లింది. దాని ప్రారంభ విమానం హైదరాబాద్ నుంచి విజయవాడకే. టేకాఫ్‌కి ముందు ఇంజిన్‌లో మంటలు రావడంతో ఆ రోజు అదో పెద్ద వార్తయ్యింది.

2007లో విజయ్ మాల్యాకు చెందిన గ్రూపు 26 శాతం వాటాను 550 కోట్లకు కొంది. 2008లో రెండు కంపెనీలూ కలిశాయి. డెక్కన్ పేరు పోయి కింగ్‌ఫిషర్ రెడ్ అయ్యింది. ఈ డీల్ వెనక ఒక లెక్క ఉంది. అప్పటి రూల్ ప్రకారం విదేశాలకు విమానాలు నడపాలంటే దేశంలో ఐదేళ్ల సర్వీసు పూర్తి కావాలి. ఆ అర్హతకు దగ్గరగా ఉన్నది డెక్కన్. 2008 సెప్టెంబర్‌లోనే కింగ్‌ఫిషర్ బెంగళూరు-లండన్ సర్వీసు మొదలుపెట్టింది.

అంటే కొన్నవాడికి కావాల్సింది లైసెన్సు, విమానాలు, రూట్లు. తక్కువ రేటు టికెట్ల వ్యాపారం మీద వాళ్లకు పెద్దగా ఆసక్తి లేదు. 2011 సెప్టెంబర్‌లో కింగ్‌ఫిషర్ రెడ్‌ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. 2012 నాటికి నెలల తరబడి జీతాలు ఆగాయి, ఉద్యోగులు సమ్మెకి దిగారు. అదే ఏడాది అక్టోబర్‌లో డీజీసీఏ లైసెన్సు సస్పెండ్ చేసింది. డెక్కన్ నుంచి వచ్చినవాళ్లూ, మొదటి నుంచీ కింగ్‌ఫిషర్‌లో ఉన్నవాళ్లూ.. అందరూ ఒకేసారి రోడ్డున పడ్డారు.

ఎయిర్ సహారా కథ కూడా ఇలాంటిదే. జెట్ ఎయిర్‌వేస్ 2006లో కొనబోయింది, డీల్ చెడింది. 2007లో మళ్లీ మాట్లాడుకుని 1,450 కోట్లకు తీసుకుంది. పేరు జెట్‌లైట్ అయ్యింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, దాంతోపాటే జెట్‌లైట్ కూడా. జెట్‌ని కొనేందుకు ముందుకొచ్చిన కన్సార్టియం ప్లాన్‌ను 2021 జూన్‌లో ఎన్‌సీఎల్‌టీ ఓకే చేసింది. మూడేళ్లకు పైగా సాగదీత తర్వాత 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు కంపెనీని లిక్విడేట్ చేయమంది. ఐదున్నరేళ్లు ఎదురుచూసిన ఉద్యోగులకు చివరికి దొరికింది బకాయిల క్యూలో ఒక స్థానం.

డబ్బున్నవాడు కొన్నా గొడవలెందుకు?

టాటాల చేతికి ఎయిరిండియా వెళ్లిన కేసు వేరు. ఇక్కడ కొన్నవాళ్ల దగ్గర డబ్బుంది, అమ్మిన ప్రభుత్వం ఉద్యోగుల గురించి షరతులు పెట్టింది. 2021 అక్టోబర్‌లో 18,000 కోట్ల బిడ్‌తో టాటా గ్రూపు గెలిచింది. 2022 జనవరి 27న కంపెనీ చేతులు మారింది. అప్పటికి ఎయిరిండియాలో 12,085 మంది ఉంటే, వాళ్లలో పర్మినెంట్ ఉద్యోగులు 8,084 మంది. మిగతావాళ్లు కాంట్రాక్టు.

షరతు ఏంటంటే.. మొదటి ఏడాది ఎవరినీ తీసేయకూడదు. రెండో ఏడాది తీసేయాల్సి వస్తే ముందు వీఆర్‌ఎస్ ఇవ్వాలి. జరిగింది కూడా అదే. 2022లో ఒకసారి, 2023లో ఇంకోసారి కంపెనీ వీఆర్‌ఎస్ ప్రకటించింది.

ఉద్యోగం ఉంటే సరిపోతుందా అంటే, లేదనే అంటోంది 2024. ఆ ఏడాది ఏప్రిల్‌లో విస్తారా పైలట్లు పెద్ద సంఖ్యలో సిక్ లీవ్ పెట్టడంతో విమానాలు రద్దయ్యాయి. ఎయిరిండియాలో విలీనానికి ముందు తెచ్చిన కొత్త జీతాల విధానమే కారణం. అందులో గ్యారంటీగా జీతం వచ్చే ఫ్లయింగ్ గంటలను 70 నుంచి 40కి తగ్గించారు. మే నెలలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ క్రూ వంతు. ఎయిర్‌ఏషియా ఇండియాగా నడిచిన ఏఐఎక్స్ కనెక్ట్‌తో విలీనం జరుగుతున్న సమయం అది. రెండొందల మందికి పైగా ఒకేసారి సిక్ అన్నారు. పాతవాళ్లను, కొత్తవాళ్లను సమానంగా చూడట్లేదన్నది వాళ్ల ఫిర్యాదు. కంపెనీ 25 మందిని తీసేసింది. ఢిల్లీలో చీఫ్ లేబర్ కమిషనర్ దగ్గర చర్చలయ్యాక వెనక్కి తీసుకుంది.

అక్టోబర్ 1న ఎక్స్‌ప్రెస్, ఏఐఎక్స్ కనెక్ట్ ఒక్కటయ్యాయి. నవంబర్ 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది.

ఇంతకు ముందు 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిరిండియా కలిసినప్పుడూ గొడవ జీతాల్లో తేడాలు, సీనియారిటీ గురించే. విలీనమై నాలుగేళ్లయినా సమాన జీతం లేదంటూ 2011లో పైలట్లు సమ్మె చేశారు. ఆ చిక్కులు విప్పడానికి జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది. రెండూ ప్రభుత్వ కంపెనీలే. ఎవరి ఉద్యోగమూ పోలేదు. అయినా ఎవరి ముందు ఎవరు, ఎవరికి ముందు ప్రమోషన్ అన్న గొడవ ఏళ్ల తరబడి సాగింది.

ఎవరికి రిస్క్ ఎక్కువ? ఎవరికి తక్కువ?

రెండు కంపెనీలు ఒక్కటైతే రెండు హెడ్డాఫీసులు అక్కర్లేదు. అకౌంట్స్, హెచ్‌ఆర్, సేల్స్, కాల్ సెంటర్ లాంటి విభాగాల్లో ఒకే పనికి ఇద్దరు తేలతారు. మొదట కోత పడేది అక్కడే. విస్తారా విలీనం ముందు కూడా స్వచ్ఛంద పథకాలు పెట్టింది విమానంలో పనిచేసేవాళ్లకు కాదు, గ్రౌండ్ స్టాఫ్‌కి.

పైలట్లకు డిమాండ్ ఉంటుంది. కాకపోతే ఏ విమానానికి ఆ విమానం రేటింగ్ వేరు. ఏటీఆర్ నడిపే పైలట్ ఎయిర్‌బస్ ఎ320 ఎక్కాలంటే మళ్లీ ట్రైనింగ్ తీసుకోవాలి. దాని ఖర్చు ఎవరు పెడతారు, ట్రైనింగ్ బాండ్ ఎన్నేళ్లు, పాత కంపెనీలో కెప్టెన్ అయితే కొత్తదాంట్లోనూ కెప్టెనేనా అన్నవి అసలు ప్రశ్నలు. పైగా డీజీసీఏ నిబంధనల ప్రకారం కెప్టెన్‌కి ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలల నోటీసు పీరియడ్. అనుకున్న వెంటనే మానేసి వెళ్లడం కుదరదు.

మెయింటెనెన్స్ ఇంజినీర్లకూ ఇదే వర్తిస్తుంది. ఏ రకం విమానానికి లైసెన్సు ఉందో దాన్ని బట్టే పని. కొత్త యజమాని ఏటీఆర్లు వదిలేస్తే ఏటీఆర్ లైసెన్సు ఒక్కటే ఉన్నవాళ్లకు ఇబ్బంది.

క్యాబిన్ క్రూకి కాంట్రాక్టు ఎన్నేళ్లన్నది ముఖ్యం. ఉద్యోగం ఉన్నా బేస్ మారొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లను ఢిల్లీకో బెంగళూరుకో మారిస్తే జీతం అంతే ఉన్నా ఇంటద్దె మారుతుంది.

మధురపూడి లాంటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో పరిస్థితి ఇంకా వేరు. బ్యాగులు ఎక్కించేవాళ్లు, వీల్‌చెయిర్ తోసేవాళ్లు, విమానం శుభ్రం చేసేవాళ్లలో చాలామంది విమాన కంపెనీ ఉద్యోగులే కాదు. గ్రౌండ్ హ్యాండ్లింగ్ ఏజెన్సీ మనుషులు. చొక్కా మీద ఎయిర్‌లైన్ లోగో ఉన్నా జీతం వేసేది ఏజెన్సీ. ఎయిర్‌లైన్ అమ్ముడుపోతే డీల్ పేపర్లలో వీళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. కొత్త యజమాని వేరే ఏజెన్సీతో కాంట్రాక్టు చేసుకుంటే పని అక్కడితో సరి.

చిన్న ఊళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. ఉడాన్ కింద ఒక రూట్‌కి ప్రభుత్వం ఇచ్చే నష్టపరిహార సొమ్ము మూడేళ్లే. ఆ తర్వాత సొంత కాళ్ల మీద నడవని రూట్‌ని కొత్త యజమాని ఉంచుతాడన్న గ్యారంటీ లేదు. రూట్ పోతే ఆ ఊరి కౌంటర్ మూతపడుతుంది. అలాగని ఒక కంపెనీ పోయినంత మాత్రాన ఎయిర్‌పోర్ట్ ఖాళీ అవ్వాలనీ లేదు. రాజమండ్రికి 2018లో ఇండిగో ఏటీఆర్లు తెచ్చింది. 2024 డిసెంబర్‌లో ముంబై, ఢిల్లీలకు నేరుగా సర్వీసులు పెట్టింది. పని ఉంటుంది.. కానీ పాత కంపెనీలో చేసినవాళ్లకే ఆ పని దొరుకుతుందని మాత్రం ఎవరూ రాసివ్వరు.

చట్టం ఏం చెబుతోంది? డీల్ రకాన్ని బట్టి హక్కు

'కంపెనీ కొన్నారు' అన్న ఒక్క మాట వెనక మూడు రకాల డీల్స్ ఉంటాయి. ఉద్యోగికి ఏ హక్కు వస్తుందో దీన్ని బట్టే తేలుతుంది.

మొదటిది షేర్ల కొనుగోలు. వాటాలు చేతులు మారతాయి, కంపెనీ పేరు మీద ఉన్న అపాయింట్‌మెంట్ లెటర్ అలాగే ఉంటుంది. చట్టం దృష్టిలో యజమాని మారలేదు. కాబట్టి యజమాని మారాడంటూ పరిహారం అడగడానికి ఉండదు. అదే సమయంలో పాత సర్వీస్, పాత షరతులు ఆటోమేటిక్‌గా కొనసాగుతాయి.

రెండోది విలీనం. ఎన్‌సీఎల్‌టీ ఆమోదించిన స్కీమ్ ప్రకారం ఒక కంపెనీ ఇంకోదాంట్లో కలిసిపోతుంది. ఉద్యోగుల గురించి స్కీమ్‌లోనే ఒక పేరా ఉంటుంది. సర్వీసుకు బ్రేక్ లేకుండా, ఇప్పటికంటే తక్కువ కాని షరతులతో తీసుకుంటాం అని సాధారణంగా రాస్తారు. ఉద్యోగులు ముందు చదవాల్సింది ఆ పేరానే.

మూడోది వ్యాపారాన్ని లేదా ఆస్తుల్ని విడిగా కొనడం. ఇక్కడ యజమాని నిజంగానే మారతాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25 ఎఫ్‌ఎఫ్ సెక్షన్ ఇలాంటి సందర్భం కోసమే పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే సూత్రం ఉంది. ఏడాది నిరంతర సర్వీస్ ఉన్న కార్మికుడికి నోటీసు, పరిహారం ఇవ్వాలి. పరిహారం లెక్క.. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం. సర్వీసుకు బ్రేక్ లేకుండా, షరతులు తగ్గకుండా, రేపు తీసేసినా పాత సర్వీస్ కలిపి పరిహారం ఇస్తానని కొత్త యజమాని బాధ్యత తీసుకుంటే మాత్రం ఇవ్వక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. ఈ రక్షణ చట్టం లెక్కలో 'కార్మికుడు' అయినవాళ్లకే. మేనేజర్ స్థాయి వాళ్లు, కొత్త కోడ్ ప్రకారం నెలకు 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు దీని కిందకు రారు. వాళ్లకు ఆధారం అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసుకున్నదే.

'సర్వీస్ కంటిన్యూ' అన్న ఒక్క మాట విలువెంత?

గ్రాట్యుటీ లెక్క చూస్తే అర్థమైపోతుంది. పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్ల సర్వీస్ ఉంటే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీస్ సంవత్సరాలతో గుణించాలి. ఒకరు పాత కంపెనీలో నాలుగేళ్లు, కొత్త కంపెనీలో రెండేళ్లు చేశారనుకుందాం. గ్రాట్యుటీ లెక్కకు వచ్చే వేతనం 15,600 అనుకుందాం.

సర్వీస్ కలిస్తే ఆరేళ్లు. ఏడాదికి 9,000 చొప్పున 54,000 వస్తుంది. పాత కంపెనీకి రాజీనామా చేయించి కొత్తగా చేర్చుకుంటే? అక్కడ నాలుగేళ్లే, ఇక్కడ రెండేళ్లే. రెండు చోట్లా ఐదేళ్లు నిండలేదు. వచ్చేది సున్నా. చేసిన పని అదే, సంతకం పెట్టిన కాగితం వేరు.

కంపెనీ దివాలాకి వెళ్తే క్యూ ఇంకోలా ఉంటుంది. దివాలా చట్టం ప్రకారం లిక్విడేషన్‌లో కార్మికుల 24 నెలల బకాయిలు సెక్యూర్డ్ అప్పులిచ్చిన బ్యాంకులతో సమానంగా వస్తాయి. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయిలు ఆ తర్వాతి వరుసలో. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్‌ల సొమ్ము లిక్విడేషన్ ఆస్తిలో కలపకూడదు. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులు పీఎఫ్, గ్రాట్యుటీ కోసం ట్రైబ్యునల్ దాకా వెళ్లి 2022లో గెలిచారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. హక్కు తేలింది. డబ్బు చేతికి రావడం మాత్రం వేరే సంగతి.

ఏజెన్సీ పిల్లలకు అసలు తేడా ఇక్కడే

ప్రభుత్వ కంపెనీ ప్రైవేటు చేతికి వెళ్తే పోయేవాటిలో రిజర్వేషన్ ఒకటి. కేంద్ర ప్రభుత్వ సంస్థల నేరుగా నియామకాల్లో దేశవ్యాప్తంగా ఎస్టీలకు 7.5 శాతం ఉంటుంది. ప్రైవేటు కంపెనీకి ఆ నిబంధన లేదు. ఎయిరిండియా టాటాలకు వెళ్లాక కొత్త నియామకాలకు అది వర్తించదు.

కోర్టు దారి కూడా మారుతుంది. ప్రభుత్వ సంస్థ అన్యాయం చేస్తే హైకోర్టులో రిట్ వేయొచ్చు. జీతాలు, ప్రమోషన్ల మీద ఎయిరిండియా ఉద్యోగులు వేసిన రిట్ పిటిషన్లు విచారణలో ఉండగానే కంపెనీ ప్రైవేటు అయ్యింది. ఇప్పుడది ప్రభుత్వ సంస్థ కాదు కాబట్టి ఆ రిట్లు నిలవవని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. కేసు వేసిన రోజున ప్రభుత్వ కంపెనీయే కదా అన్న వాదన నిలబడలేదు. వేరే చోట న్యాయం అడిగే అవకాశం ఉంది, కానీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇది పాత కథ అనుకోవడానికి లేదు. ఏటీఆర్లతో చిన్న ఊళ్లకు తిరిగే అలయన్స్ ఎయిర్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ చేసే ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ టాటా డీల్‌లో లేవు. రెండూ ఎయిరిండియా అసెట్స్ హోల్డింగ్ అనే ప్రభుత్వ కంపెనీ కింద ఉండిపోయాయి. అమ్మాలన్నది ప్రభుత్వం ముందు నుంచీ చెబుతున్న మాటే. పౌర విమానయాన శాఖ 2024 జూన్ నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఈ నిర్ణయాల మీద చూపు ఎక్కువే.

ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ నోటిఫికేషన్లు ఏజెన్సీ పిల్లలకు ఉపయోగపడేవి. వాకిన్ ఇంటర్వ్యూలు, హ్యాండీమ్యాన్ నుంచి కస్టమర్ సర్వీస్ దాకా పోస్టులు, రిజర్వేషన్ ఉంటుంది, ఎస్టీలకు దరఖాస్తు ఫీజు మినహాయింపు. అయితే చాలా పోస్టులు మూడేళ్ల ఫిక్స్‌డ్ టర్మ్. రేపు ఈ కంపెనీ అమ్ముడుపోతే అప్పటికి కాంట్రాక్టులో మిగిలిన కాలమే చేతిలో ఉంటుంది. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అర్హత రావడం వీళ్లకు కొంత ఊరట.

డీల్ వార్త వచ్చినప్పుడు ఉద్యోగి చూసుకోవాల్సినవి

- డీల్ ఏ రకం? షేర్లా, విలీనమా, వ్యాపార బదిలీనా? కంపెనీ మెయిల్‌లో స్పష్టంగా లేకపోతే హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగాలి.

- కొత్త లెటర్ ఇస్తే అందులో 'సర్వీస్ కొనసాగింపు' అన్న మాట ఉందా? పాత జాయినింగ్ తేదీ రాశారా? రాజీనామా లెటర్ అడుగుతున్నారా? రాజీనామా అడిగితే ఆగి ఆలోచించాల్సిందే.

- పీఎఫ్ నెలనెలా జమ అవుతోందా? యూఏఎన్ పాస్‌బుక్‌లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కంపెనీ కష్టాల్లో పడితే ముందు ఆగేవాటిలో పీఎఫ్ ఒకటి. రెండు నెలలు జమ కాలేదంటే అది ప్రమాద ఘంటికే.

- పే స్లిప్పులు, ఫామ్-16, అపాయింట్‌మెంట్ లెటర్, ట్రైనింగ్ బాండ్ కాపీలు సొంత మెయిల్‌లో ఉంచుకోవాలి. కంపెనీ మూతపడ్డ రోజున ఆఫీసు మెయిల్ కూడా మూతపడుతుంది.

- ఏజెన్సీ ద్వారా పనిచేసేవాళ్లు తమ అసలు యజమాని ఎవరో, ఆ ఏజెన్సీ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో తెలుసుకోవాలి.

- కోర్సుల్లో చేరబోయేవాళ్లు 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అన్నచోట ఏ కంపెనీలో, ఎవరి పేరోల్ మీద, ఎంతకాలం అని అడగాలి. కోర్సు ఫీజు ఏడాది జీతం కన్నా ఎక్కువైతే రెండుసార్లు ఆలోచించాలి.

కొనేవాడి కన్నా ముందు వాడి చేతిలో డబ్బు

1993లో వాయుదూత్‌ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. 1981లో చిన్న ఊళ్ల కోసమే పెట్టిన ప్రభుత్వ ప్రాంతీయ సంస్థ అది. కలిపేసినప్పుడు వెనక ప్రభుత్వం ఉంది. డెక్కన్‌ని కొన్నప్పుడు వెనక మాల్యా అప్పులున్నాయి. ట్రూజెట్‌కి ఇన్వెస్టర్ల ప్రకటనలు వచ్చాయి, విమానాలు లేవలేదు. ఎయిరిండియాకి టాటాలున్నారు. ఉద్యోగుల కథలు నాలుగు రకాలుగా ముగియడానికి పెద్ద కారణం ఇదే.

అందుకే 'ఒక్క ఉద్యోగం కూడా పోదు' అన్న ప్రకటన విన్నప్పుడు చూడాల్సింది ఆ మాట ఎవరన్నారని కాదు. అది ఏ కాగితంలో ఉంది, ఎన్నాళ్ల వరకు ఉంది, అన్నవాడి దగ్గర జీతాలివ్వడానికి డబ్బుందా అని. ఎయిరిండియా ఉద్యోగులకు దొరికిన ఏడాది గ్యారంటీ నోటిమాట కాదు, అమ్మకం ఒప్పందంలో రాసిన షరతు. అలయన్స్ ఎయిర్, ఏఐ ఎయిర్‌పోర్ట్ సర్వీసెస్ వంతు వచ్చినప్పుడు కాంట్రాక్టు సిబ్బందిని కూడా ఆ షరతులో చేరుస్తారా లేదా అన్నదే చిన్న ఎయిర్‌పోర్టుల్లో పనిచేసే పిల్లలకు కావాల్సిన జవాబు.